పదకొండు చేతులు, ఒక అనుమానం: జ్యూరీ చరిత్ర, మన చరిత్ర

ఈ ఎపిసోడ్ మామూలుకన్నా కొంచెం పొడుగు. బస్సులో ఉన్నవాళ్లు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, ఇంట్లో ఉన్నవాళ్లు పక్కన ఎవరైనా ఉంటే వాళ్లను కూడా కూర్చోబెట్టుకోండి. ఎందుకంటే ఇది ఒంటరిగా వినేకన్నా పక్కవాళ్లతో వాదన పెట్టుకుంటూ వింటేనే బాగుండే విషయం.

ఈ ఏడాది వేసవి సెలవులకు ముందు ములకలపల్లిలో ఇంటర్ చదివే పిల్లలకు ఒక సినిమా చూపించాను. ముప్పై ఆరు మంది పిల్లలు. అడిగి తెచ్చుకున్న ప్రొజెక్టర్. కిటికీలకు దుప్పట్లు కట్టి గది చీకటి చేశాం. ఆ ఎండలో, ఆ గదిలో, ఆ దుప్పట్ల మధ్య ఎలా ఉంటుందో కొత్తగూడెం, పాల్వంచ వైపు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

సినిమా పేరు ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’. 1957లో వచ్చిన అమెరికన్ సినిమా. బ్లాక్ అండ్ వైట్. పాటలు లేవు, ఫైట్లు లేవు, హీరోయిన్ లేదు. తొంభై ఆరు నిమిషాల్లో దాదాపు అంతా ఒక్కటే గదిలో. ముందు బెంచీ పిల్లాడు అడిగాడు, “సార్, ఇందులో ఏం జరుగుద్ది?” అని. “పన్నెండు మంది కూర్చుని మాట్లాడుకుంటారు” అన్నాను. “అంతేనా?” “అంతే.” వాడు పక్కవాడి వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

సరే, కథ ఇదీ. పద్దెనిమిదేళ్ల కుర్రాడు. పేదల బస్తీలో పుట్టాడు. కన్నతండ్రిని కత్తితో పొడిచి చంపాడని కేసు. సాక్షులు ఉన్నారు, కత్తి ఉంది. నేరం రుజువైతే మరణశిక్షే, ఇంకో శిక్ష లేదు. కోర్టులో వాదనలు అయిపోయాయి. సినిమా మొదలయ్యేదే అక్కడ. పన్నెండు మంది మామూలు మనుషుల్ని ఒక గదిలో పెట్టి తలుపు వేస్తారు. వాళ్లే జ్యూరీ.

జ్యూరీ అంటే ఏంటో చాలామందికి తెలీదు, అందుకని ఒక ముక్క చెప్తాను. మన సినిమాల్లో కోర్టు అంటే ఏముంటుంది? జడ్జిగారు, బల్ల మీద సుత్తి, “ఆర్డర్ ఆర్డర్”. తీర్పు జడ్జిదే. జ్యూరీ పద్ధతిలో అలా కాదు. చట్టం ఏం చెప్తోందో జడ్జి వివరిస్తారు. కానీ ఈ మనిషి ఆ పని చేశాడా లేదా అన్నది తేల్చేది ఊళ్లోని మామూలు జనం. ఒకడు బ్యాంకులో పనిచేస్తాడు, ఒకడు గడియారాలు బాగుచేస్తాడు, ఒకడు గోడలకు రంగులు వేస్తాడు. న్యాయశాస్త్రం చదివి ఉండాల్సిన పనిలేదు.

ఇప్పుడు అసలు పాయింట్. గదిలోకి వెళ్లగానే చేతులెత్తి ఓటు వేస్తారు. దోషి అన్నవాళ్లు పదకొండు మంది. కాదు అన్నవాడు ఒక్కడు. ఆ ఒక్కడు “కుర్రాడు మంచివాడు” అనడు. “వాడు చంపలేదు” అని కూడా అనడు. నాకు తెలీదు, ఒక మనిషిని చంపేముందు కాసేపు మాట్లాడుకుందాం అంటాడు. అంతే.

నేను అక్కడ సినిమా ఆపాను. “పదకొండు మంది ఒకవైపు, ఒక్కడు ఇంకోవైపు. మన క్లాసులో ఇలా అయితే ఏం చేస్తాం?” అని అడిగాను. వెనక నుంచి ఒక అమ్మాయి టక్కున చెప్పింది, “ఏముంది సార్, మెజారిటీ.” అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఈ ఎపిసోడ్ అంతా ఆ ఒక్క మాట గురించే.

ఎందుకంటే ఆ గదిలో మెజారిటీ చెల్లదు. దోషి అన్నా, నిర్దోషి అన్నా పన్నెండు మందీ ఒకే మాట మీదికి రావాలి. ఒక్కడు ఒప్పుకోకపోతే తీర్పు లేదు. ఆ ఒక్క రూలు లేకపోతే ఈ సినిమా ఐదు నిమిషాల్లో అయిపోయేది. పదకొండు, ఒకటి, తీసుకెళ్లండి. హెన్రీ ఫోండా వేసిన ఆ ఎనిమిదో నంబరు జ్యూరీ సభ్యుడు ఎంత మంచివాడైనా, ఎంత తెలివైనవాడైనా, ఇంటికెళ్లి భోంచేసి పడుకునేవాడు. అతని గొప్పతనం కన్నా ఆ రూలు గొప్పది. మిగతావాళ్లకు ఇష్టం ఉన్నా లేకున్నా, ఒక్కడి అనుమానం తీరేదాకా ఆగి తీరాలి.

దీన్ని రాసిన రెజినాల్డ్ రోజ్ న్యూయార్క్‌లో తనే ఒకసారి జ్యూరీలో కూర్చున్నాడు. ఆ అనుభవం నుంచి టీవీ నాటకం రాశాడు. అది 1954 సెప్టెంబరులో అమెరికా టీవీలో లైవ్‌గా వచ్చింది. మూడేళ్లకు సినిమా అయింది. దర్శకుడు సిడ్నీ లుమెట్‌కు అదే మొదటి సినిమా. ముగింపు చెప్పను, మీరే చూడండి. ఒక్క మాట మాత్రం. ఆ గదిలో మొదట ఫ్యాన్ తిరగదు, ఊళ్లో ఆ ఏడాదికల్లా పెద్ద ఎండ. చెమటలు కారుతుంటే కోపాలు ఎలా పెరుగుతాయో మా పిల్లలకు నేను వివరించాల్సిన పని పడలేదు. “సార్, వీళ్లదీ మన ఊరేనా?” అన్నారు.

సినిమా అయ్యాక అదే అమ్మాయి అడిగింది. “మన దగ్గర ఈ జ్యూరీ ఎందుకు లేదు సార్?” అని.

ఉండేది. దాదాపు మూడు వందల ఏళ్లు ఉండేది. ఆ కథే ఇప్పుడు చెప్పబోతున్నాను.

మొదలు మద్రాసులో. 1665. ఫోర్ట్ సెయింట్ జార్జ్, అంటే మనవాళ్లు చెన్నపట్నం అని పిలుచుకున్న ఊళ్లోని ఇంగ్లీషు కోట. అసెన్షియా డావ్స్ అనే ఆవిడ తన ఇంట్లో బానిసగా ఉన్న ఒక అమ్మాయిని చంపిందని ఆరోపణ. అప్పుడక్కడ గవర్నర్ జార్జ్ ఫాక్స్‌క్రాఫ్ట్. జ్యూరీని కూర్చోబెట్టారు. పన్నెండు మంది. ఆరుగురు ఇంగ్లీషువాళ్లు, ఆరుగురు పోర్చుగీసువాళ్లు. వాళ్లు మొదట ఏమన్నారంటే, హత్య చేసిన మాట నిజమే గానీ అభియోగ పత్రంలో రాసిన తీరులో కాదు అన్నారు. ఇదేం తీర్పు, తేల్చి చెప్పండి అంటే, నిర్దోషి అన్నారు. ఆవిడ ఇంటికి వెళ్లిపోయింది.

మన దేశంలో ఇంగ్లీషువాళ్లు జరిపిన తొలి జ్యూరీ విచారణగా దీన్నే చెప్తారు. ఇప్పుడు ఆ పన్నెండు కుర్చీల్ని ఒకసారి ఊహించుకోండి. చచ్చిపోయిన అమ్మాయి వైపు మనిషి ఒక్కడైనా అందులో ఉన్నాడా? ఆమె భాష తెలిసినవాడు, ఆమెలాంటి వాళ్ల బతుకు తెలిసినవాడు? లేడు. జ్యూరీ అనగానే “జనం తీర్పు” అంటాం. ఏ జనం? మొదటి రోజు నుంచీ ఉన్న ప్రశ్న అదే.

తర్వాత కూడా చూడండి. 1826లో ఒక చట్టం వచ్చింది. కలకత్తా, మద్రాసు, బొంబాయి పెద్ద కోర్టుల్లో భారతీయులు కూడా జ్యూరీలో కూర్చోవచ్చు అన్నారు. బాగానే ఉంది. కానీ ముద్దాయి క్రైస్తవుడైతే జ్యూరీ మొత్తం క్రైస్తవులే ఉండాలి అన్నారు. అంటే హిందువునో ముస్లిమునో విచారించడానికి క్రైస్తవుడు పనికొస్తాడు, క్రైస్తవుణ్ణి విచారించడానికి హిందువు, ముస్లిము పనికిరారు. రాజా రామమోహన్ రాయ్ లాంటివాళ్లు దీని మీద గట్టిగా కొట్లాడారు. 1832లో ఆ ముక్క తీసేశారు. మళ్లీ 1884లో, ఇల్బర్ట్ బిల్లు గొడవ అయ్యాక, ఇంకో రాజీ. జిల్లాల్లో యూరోపియన్ మీద కేసు నడిస్తే, జ్యూరీలో సగం మందైనా యూరోపియన్లో అమెరికన్లో ఉండాలని అతను అడగొచ్చు.

ఇక మెజారిటీ సంగతి. మా అమ్మాయి అన్న మాట గుర్తుందిగా? ఇంగ్లీషువాళ్లు తమ దేశంలో పన్నెండు మందీ ఒక్క మాట మీద ఉండాలని పెట్టుకున్నారు. మన దగ్గరికి వచ్చేసరికి మార్చారు. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం హైకోర్టులో జ్యూరీ అంటే తొమ్మిది మంది. అందులో ఆరుగురు ఒకవైపు ఉండి, జడ్జి వాళ్లతో ఏకీభవిస్తే చాలు. తీర్పు అయిపోయినట్టే. మిగతా ముగ్గురు ఏమనుకున్నా అనవసరం.

అది ఎలా పనిచేసిందో బాలగంగాధర తిలక్ కేసు చెప్తుంది. 1908 జూలై, బొంబాయి హైకోర్టు. ‘కేసరి’ పత్రికలో రాసిన వ్యాసాల మీద రాజద్రోహం కేసు. జడ్జి దావర్. జ్యూరీలో తొమ్మిది మంది. ఏడుగురు యూరోపియన్లు, ఇద్దరు పార్సీలు. వ్యాసాలు రాసింది మరాఠీలో. తిలక్ తన కేసు తానే రోజుల తరబడి వాదించుకున్నాడు. తీర్పు? ఏడుగురు దోషి, ఇద్దరు కాదు. ఆరేళ్ల ప్రవాస శిక్ష, మాండలే జైలు.

అమెరికా సినిమాలో ఒక్కడు ఆగమంటే పదకొండు మంది ఆగారు. బొంబాయిలో ఇద్దరు ఆగమన్నా ఎవరూ ఆగలేదు, ఆగాల్సిన రూలు లేదు కాబట్టి. ఆ ఇద్దరు తెలివితక్కువవాళ్లా? ధైర్యం లేనివాళ్లా? కాదు. వాళ్ల అనుమానానికి చట్టంలో విలువ లేదు, అంతే. ధైర్యం మనిషికి ఉంటే సరిపోదు తమ్ముళ్లూ, దాన్ని వినాల్సిన అవసరం ఎదుటివాళ్లకు ఉండాలి.

ఇప్పుడు ఆ బొమ్మను తిరగేసి చూద్దాం. ఎందుకంటే నేను జ్యూరీ మంచిదని గానీ చెడ్డదని గానీ చెప్పడానికి కూర్చోలేదు.

1959 ఏప్రిల్ 27, బొంబాయి. నౌకాదళ అధికారి కె.ఎం. నానావతి. తన భార్యతో సంబంధం పెట్టుకున్న ప్రేమ్ ఆహుజా అనే వ్యాపారిని రివాల్వర్‌తో కాల్చాడు. నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లి లొంగిపోయాడు. ఊరంతా అతని వైపే. ‘బ్లిట్జ్’ అనే పత్రిక అతన్ని హీరో చేసింది. కోర్టు బయట గుంపులు. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే, కేసు కోర్టుకన్నా ముందు ట్రెండింగ్‌లోకి వెళ్లింది. జ్యూరీలో తొమ్మిది మంది. ఎనిమిది మంది నిర్దోషి అన్నారు, ఒక్కరు దోషి అన్నారు.

జడ్జికి ఆ తీర్పు ఒప్పలేదు. సాక్ష్యానికి పొంతన లేదనిపిస్తే జడ్జి కేసును హైకోర్టుకు పంపే వీలు అప్పటి కోడ్‌లో ఉండేది. పంపారు. హైకోర్టు జ్యూరీ మాటను పక్కనపెట్టి యావజ్జీవం వేసింది. 1961 నవంబరులో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. 1964లో గవర్నర్ క్షమాభిక్షతో నానావతి బయటికొచ్చాడు.

ఇందులో అందరూ మర్చిపోయే మనిషి ఒకడున్నాడు. ఆ తొమ్మిదోవాడు. ఊరంతా ఒకవైపు ఊగుతుంటే, పక్కన ఎనిమిది మంది ఒక మాట మీద ఉంటే, నేను ఒప్పుకోను అన్నవాడు. చివరికి హైకోర్టు, సుప్రీంకోర్టు చెప్పింది అతని మాటే. అమెరికా సినిమాలో ఒంటరివాడు “దోషి కాదేమో” అన్నాడు. బొంబాయిలో ఒంటరివాడు “దోషే” అన్నాడు. మాటలు వేరు, పని ఒకటే. గుంపు ఊపు మీద ఉన్నప్పుడు ముందు సాక్ష్యం చూద్దాం అనడం.

నానావతి కేసు వల్లే జ్యూరీ రద్దయిందని యూట్యూబ్‌లో చాలా వీడియోలు చెప్తాయి. అంత సింపుల్ కాదు. కేసుకు ఏడాది ముందే, 1958లో, లా కమిషన్ తన 14వ నివేదికలో జ్యూరీని ఎత్తేయమని సిఫారసు చేసింది. అసలు ఏ జిల్లాలో, ఏ నేరాలకు జ్యూరీ ఉండాలన్నది ప్రభుత్వమే నిర్ణయించే పద్ధతి కాబట్టి, దేశమంతా ఒకేలా ఎప్పుడూ లేదు. చాలాచోట్ల జ్యూరీ బదులు అసెసర్లు ఉండేవారు. వాళ్లు అభిప్రాయం చెప్పొచ్చు, జడ్జి దాన్ని పాటించాలని లేదు. ఒక్కో రాష్ట్రం జ్యూరీని వదులుకుంటూ వచ్చింది. చివరికి 1973లో కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ తెచ్చి, 1974 ఏప్రిల్ 1 నుంచి మొత్తంగా ముగించారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ జ్యూరీ లేదు. ఒక్క పార్సీల పెళ్లి, విడాకుల కేసుల్లో మాత్రం డెలిగేట్లు అని ఆ సమాజం మనుషులు కూర్చునే పద్ధతి మిగిలింది.

తమాషా ఏంటంటే, మన దేశంలో జ్యూరీ పోయిన పన్నెండేళ్లకు, 1986లో, బాసు చటర్జీ ఇదే కథను హిందీలో ‘ఏక్ రుకా హువా ఫైస్లా’ అని తీశారు. పంకజ్ కపూర్, అన్నూ కపూర్ లాంటివాళ్లు వేశారు. దేశంలో లేని గది గురించి సినిమా. అయినా జనం చూశారు, ఇప్పటికీ చూస్తున్నారు. ఎందుకంటే కోర్టులో ఆ గది పోయింది గానీ, మన మధ్య పోలేదు. ఆ సంగతికి వస్తాను. దానికి ముందు మన వైపు ఏం జరిగిందో చూద్దాం.

ములకలపల్లి పిల్లలు అడిగారు, “మరి మన ఏజెన్సీలో జ్యూరీ ఉండేదా సార్?” అని. గోదావరికి అటూ ఇటూ మనది రెండు రాజ్యాల కథ. ఇవతల పాల్వంచ వైపు నిజాం రాజ్యం. అవతల భద్రాచలం ప్రాంతాన్ని 1860లో నిజాం ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాడు. 1874లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీలో, గోదావరి జిల్లాలో కలిపారు. అదే ఏడాది షెడ్యూల్డ్ డిస్ట్రిక్ట్స్ చట్టం కూడా వచ్చింది. ఇలాంటి అడవి ప్రాంతాలకు మామూలు చట్టాలు, మామూలు కోర్టులు యథాతథంగా వర్తించవు అన్నారు. కలెక్టరే ‘ఏజెంట్’. అందుకే మన వైపు ‘ఏజెన్సీ’ అన్న పేరు. పన్ను వసూలు చేసే మనిషి, న్యాయం చెప్పే మనిషి ఒకరే. కోయవాళ్లు, కొండరెడ్లు పన్నెండు మంది కూర్చుని సాటి మనిషి తలరాత తేల్చే గది ఆ ఏర్పాటులో ఎక్కడుంటుంది?

1922 నుంచి 24 దాకా మన్యంలో అల్లూరి సీతారామరాజు పోరాటం మీ అందరికీ తెలుసు. ఆయన్ను 1924 మే 7న పట్టుకున్నాక కోర్టుకు తీసుకెళ్లలేదు. కాల్చేశారు. జ్యూరీ మాట దేవుడెరుగు, విచారణే లేదు.

నిజాం వైపు కథ ఇంకోటి. 1948లో హైదరాబాద్ భారతదేశంలో కలిసింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్నవాళ్లను ప్రత్యేక ట్రిబ్యునళ్లు విచారించాయి. పన్నెండు మందికి మరణశిక్షలు పడ్డాయి. వాళ్లలో నల్లా నరసింహులు ఒకరు. మాకు లాయరును పెట్టుకునే అవకాశం సరిగా ఇవ్వలేదన్నది వాళ్ల వాదనల్లో ఒకటి. వాళ్ల కోసం లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ అనే పెద్ద బారిస్టర్ వచ్చి సుప్రీంకోర్టులో వాదించారు. 1951లో సుప్రీంకోర్టు ఆ పిటిషన్లు కొట్టేసింది. అయినా దేశంలోనూ బయటా ఆందోళన ఆగలేదు. చివరికి ఉరి తప్పి, యావజ్జీవంగా మారింది.

సినిమాలో తీర్పు చెప్పేవాళ్లు పన్నెండు మంది. ఇక్కడ ఉరికంబం ముందు నిలబడ్డవాళ్లు పన్నెండు మంది. ఒక్కసారి ఉరి తీసేస్తే తర్వాత వచ్చే అనుమానం ఎవరికి పనికొస్తుంది? “ఆగండి” అన్న మాటకు ప్రాణం విలువ ఉంటుందని చెప్పడానికి న్యూయార్క్ దాకా వెళ్లక్కర్లేదు.

అలాగని మన దగ్గర జనం కూర్చుని తేల్చే పద్ధతి లేదా అంటే, ఉంది. పెద్దమనుషుల పంచాయితీ చూసినవాళ్లు చాలామంది ఉంటారు. అక్కడ సాధారణంగా చేతులు లెక్కపెట్టరు. ఇద్దరూ సరే అనేదాకా సాగుతుంది, పొద్దుగూకితే మళ్లీ రేపు కూర్చుంటారు. ఆ ఓపిక గొప్పది. 1996 పెసా చట్టం కూడా షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు తన ఆచారం ప్రకారం తగాదాలు తీర్చుకునే అధికారాన్ని గుర్తించింది. కానీ అందమైన బొమ్మ ఒకటే చూపించి వదిలేయకూడదు కదా. ఆడవాళ్ల మాట అక్కడ ఎంత చెల్లుతుంది? బలగం ఉన్నవాడి మాట ముందు ఒంటరివాడి మాట నిలుస్తుందా? ఎవరి మీదైనా చేతబడి అన్న నింద పడితే, ఆగండి అని లేచి అనేవాడు ఉంటాడా? ఊళ్లోనే కాదు, పట్నంలోని అపార్ట్‌మెంట్ మీటింగులో కూడా ఇదే ప్రశ్న.

ఇప్పుడు నా సొంత కథ. ఇది ఆ రోజు పిల్లలకు చెప్పాను, ఇంతకుముందు ఎప్పుడూ వీడియోలో చెప్పలేదు.

నేను తొమ్మిదో తరగతి హాస్టల్లో చదివాను. ఏ ఊరో, ఏ హాస్టలో వద్దు. ఒక రోజు ఒకడి పెట్టెలోంచి పరీక్ష ఫీజు డబ్బులు పోయాయి. రెండు వందల రూపాయలు. అప్పుడది చిన్న మొత్తం కాదు. రాత్రి భోజనాల తర్వాత అందరం వరండాలో కూర్చున్నాం. పెద్దవాళ్లెవరూ లేరు, మేమే. గుట్ట మీది ఊరి నుంచి వచ్చిన ఒక పిల్లాడి మీద అనుమానం. ఎందుకు? ఆ మధ్యాహ్నం కడుపునొప్పని గదిలో ఉండిపోయాడు. వారం కిందట కొత్త చెప్పులు కొన్నాడు. అంతే. వాడిది కోయ భాష. తెలుగులో గబగబా మాట్లాడలేడు. మేం ముప్పై మందిమి చుట్టూ చేరి ప్రశ్నలు వేస్తుంటే వాడు తల దించుకుని ఊరుకున్నాడు. “చూశారా, మాట్లాడట్లేదు. దొంగే” అన్నాడు ఒకడు. చేతులెత్తమన్నారు. అన్నీ లేచాయి.

నా చెయ్యి కూడా లేచింది. నాకు వాడి మీద కోపం లేదు. నమ్మకంగా అనిపించిందా అంటే అదీ లేదు. పక్కవాళ్ల చేతులు లేచాయి కాబట్టి నాదీ లేచింది. తెల్లారేసరికి వాడు పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

పదిహేను రోజులకు ఆ డబ్బులు దొరికాయి. పోయాయన్నవాడి అట్లాసులోనే, రెండు పేజీల మధ్య. వాడే పెట్టుకుని మర్చిపోయాడు. అప్పుడు మేమేం చేశాం? ఏమీ చేయలేదు. ఎవరూ వాడి ఊరికి వెళ్లి చెప్పలేదు. ఆ మాటే ఎత్తలేదు. ఇప్పటికీ వాడు ఎక్కడున్నాడో నాకు తెలీదు. దొంగగానే వెళ్లిపోయాడు.

రాజ్యాంగం 20వ అధికరణంలో ఒక మాట ఉంది. నేరారోపణ ఉన్న మనిషిని తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదు. మౌనం నేరం కాదని దీని అర్థం. 22వ అధికరణం, అరెస్టయిన మనిషికి తనకు నచ్చిన లాయరును పెట్టుకునే హక్కు ఇచ్చింది. పరీక్షల కోసం వీటిని బట్టీ పట్టినప్పుడు నాకు వరండాలో తల దించుకున్న ఆ పిల్లాడే గుర్తొచ్చాడు.

ములకలపల్లి క్లాసులో ఈ కథను అట్లాసు సంగతి చెప్పకుండా చెప్పాను, సినిమా మొదలుపెట్టకముందే. ఓటు వేయమన్నాను. ముప్పై ఆరు మందిలో ముప్పై ఒకటి చేతులు లేచాయి, దొంగే అని. సినిమా అయ్యాక మళ్లీ అదే కేసు తీశాను. ఈసారి ఓటు వద్దు, ముందు ప్రశ్నలు అడగండి అన్నాను. మొదట్లో ఎవరూ నోరు తెరవలేదు. తర్వాత ఆ వెనక బెంచీ అమ్మాయే లేచింది, మెజారిటీ అన్న అమ్మాయి. “సార్, పెట్టె తాళం ఎవరి దగ్గర ఉంది?” అంది. తాళం పోగొట్టుకున్నవాడి మొలతాడుకే ఉంది. పగలగొట్టిన గుర్తు లేదు. ఈ ప్రశ్న ఆ రాత్రి ముప్పై మందిలో ఒక్కడికీ రాలేదు. ఇంకొకడు, “చెప్పులు డబ్బు పోకముందే కొన్నాడుగా సార్?” అన్నాడు. మూడోవాడు, “వాడిని కోయలో ఎవరన్నా అడిగారా?” అన్నాడు.

నాకు గొంతు పట్టుకుపోయింది. మూడు ప్రశ్నలు. ఐదు నిమిషాలు. అంత సమయం మేం వాడికి ఇవ్వలేదు.

ఇక మీ చేతిలోని ఫోన్ సంగతి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు తిరిగాయి. మన తెలంగాణతో సహా దేశంలో చాలాచోట్ల ఏ పాపం తెలియని మనుషుల్ని గుంపులు కొట్టి చంపాయి. ఆ ఏడాది జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. ఆలోచించండి, అది ఏంటి? ఒక రూలు. గుంపును కాసేపు ఆపే రూలు. జ్యూరీ గదిలో తలుపు వేసినట్టే. మంచి మనుషులు ఉంటే చాలదు, ఆపే ఏర్పాటు కూడా ఉండాలని మళ్లీ రుజువైంది.

ఇప్పుడు మన కోర్టుల్లో జ్యూరీ లేదు. దాని బదులు జడ్జి కారణాలు రాసి తీర్పు ఇవ్వాలి, నచ్చకపోతే పైకోర్టుకు వెళ్లొచ్చు, సహేతుకమైన అనుమానం ఉంటే ముద్దాయికి బెనిఫిట్ ఆఫ్ డౌట్ దక్కాలి. కేసులు ఏళ్ల తరబడి నడుస్తాయన్న కోపం నాకూ ఉంది. కానీ ఆలస్యం వేరు, ఆగి ఆలోచించడం వేరు. మీ ఇంట్లోవాళ్లకో పక్కింటివాళ్లకో లాయరు అవసరమై డబ్బుల్లేకపోతే, ఉచిత న్యాయ సహాయం కోసం 15100 నంబరుకు ఫోన్ చేయండి. ఎస్టీలకు, ఎస్సీలకు, మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఆ సహాయం చట్టం ఇచ్చిన హక్కు. ఈ నంబరు సేవ్ చేసుకోండి, వీడియో ఆపి మరీ సేవ్ చేసుకోండి.

జ్యూరీ మళ్లీ రావాలా వద్దా అన్నది కామెంట్లలో కొట్లాడుకోండి, నాకు అభ్యంతరం లేదు. నేను అడిగేది ఒక్కటే. ఈ వారంలో మీ గ్రూపులో ఎవరో ఒకరి ఫొటో వస్తుంది, “వీడే” అని. చేతులు లేస్తాయి, అంటే ఎమోజీలు పడతాయి. అప్పుడు మీరు వాడు మంచోడు అని చెప్పక్కర్లేదు. “పెట్టె తాళం ఎవరి దగ్గర ఉంది?” అని ఒక్క ప్రశ్న అడగండి. తిట్టేవాళ్లు తిడతారు. గ్రూపులోంచి తీసేసినా తీసేస్తారు.

ఆ రాత్రి వరండాలో ఆ ప్రశ్న నేను అడగాల్సింది. అడగలేదు. అందుకే ఇంత పొడుగు ఎపిసోడ్ చేశాను. మళ్లీ కలుద్దాం, ఉంటాను.